జబ్బుపడ్డవాళ్ల కోసం, వాళ్లను చూసుకునేవాళ్ల కోసం ప్రార్థన ఎలా చేయాలి

"అమ్మ హాస్పిటల్లో ఉందండీ, ప్రార్థన చేద్దామని కూర్చుంటే మాటలే రావడం లేదు." "నాన్న కోసం ఆరు నెలలుగా చేస్తూనే ఉన్నాం, ఇంకేం అడగాలో తెలియడం లేదు." "మా చెల్లెలు రాత్రింబగళ్లు వాళ్ల అత్తగారిని చూసుకుంటోంది, తన కోసం ఏమని ప్రార్థించాలి?" నన్ను ఎక్కువమంది అడిగేవి ఈ మూడే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను.

నేను పాస్టర్‌ని కాదు. మా అమ్మ పక్షవాతంతో మంచాన పడ్డాక నాలుగేళ్లు ఆవిడ దగ్గర ఉన్నాను. అంతకుముందు సంఘంవాళ్లతో కలిసి రోగుల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసేదాన్ని. ఆ తర్వాత ప్రార్థన చేయించుకునే మంచం పక్కన నిలబడ్డాను. అప్పుడు అర్థమైంది, కొందరు ప్రార్థన చేసి వెళ్లాక గది తేలికపడేది, కొందరు వెళ్లాక ఇంకా బరువెక్కేది. ఒకసారి ఐదారుగురు వచ్చి మంచం చుట్టూ నిలబడి ముప్పావుగంట ప్రార్థన చేశారు. అంతసేపూ అమ్మకు బాత్రూమ్ అవసరం. మాట సరిగా రాదు కాబట్టి ఆవిడ చెప్పలేకపోయింది. నేను కళ్లు మూసుకుని ఉన్నాను కాబట్టి చూడలేకపోయాను. వచ్చినవాళ్ల మనసులో ఏ లోపమూ లేదు. కానీ పక్క తడిసిపోయింది, అమ్మ సిగ్గుతో గోడవైపు తిరిగి ఏడ్చింది. కింద రాసిన వాటిలో సగం ఆ రోజు నేర్చుకున్నవే.

కావలసినవి

జబ్బుపడ్డ మనిషి పేరు, ఇప్పుడున్న పరిస్థితి రెండు ముక్కల్లో. రిపోర్టులన్నీ తెలియనక్కర్లేదు. "రేపు ఆపరేషన్, భయపడుతున్నాడు" అన్నంత తెలిస్తే చాలు.

దగ్గరుండి చూసుకునే మనిషి పేరు. దీన్ని విడిగా రాస్తున్నానంటే కారణముంది. "ఫలానావాళ్ల భార్య", "ఆ అమ్మాయి" అని తప్ప ఆమె పేరు ప్రార్థనలో ఎవరి నోటా రాదు.

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా పర్వాలేదు. తేదీ, వీలైతే టైము కూడా వేయండి. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందే గుర్తుపెట్టుకున్న ఒక బైబిల్ కీర్తన. మంచం పక్కన నిలబడి పేజీలు తిప్పుతూ వెతుక్కోవద్దు. 23, 121 చిన్నవి, ఆరు, ఎనిమిది వచనాలు. మంచాన ఉన్నవాళ్లను దేవుడు ఆదుకుంటాడని నేరుగా చెప్పే 41వ కీర్తన మూడో వచనం ఒక్కటి చదివినా సరిపోతుంది.

పెద్ద గొంతు అక్కర్లేదు. గ్రాంథిక భాష అక్కర్లేదు. ఈ జబ్బు ఎందుకొచ్చిందనే వివరణ అసలే అక్కర్లేదు.

1. ముందు అడగండి, తర్వాత ప్రార్థించండి

గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తూ వస్తే, అతనికి ఏం కావాలో చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. అయినా యేసు "నేను నీకేం చేయాలని కోరుకుంటున్నావు" అని అడిగాడు (మార్కు 10:51). మనం మాత్రం అడగకుండానే మొదలుపెడతాం.

ఇలా అడగండి: "మీకోసం ప్రార్థన చేయనా? ఏ విషయం గురించి చేయమంటారు?" వచ్చే జవాబు చాలాసార్లు మనం అనుకున్నది కాదు. క్యాన్సర్ ఉన్న మనిషి "రాత్రి నిద్రపడితే చాలు" అంటాడు. ఒకావిడ "మా పెద్దోడితో మాటల్లేవు, వాడు రావాలి" అంటుంది. మా అమ్మ అయితే ఒక్కోసారి "నీ నడుము నొప్పి గురించి చెయ్యమను" అనేది, సగం మాటలతో, సగం సైగలతో.

"వద్దు" అంటే ఆగిపోండి. అలిసిపోయి ఉండొచ్చు, దేవుడి మీద కోపంతో ఉండొచ్చు, లేదా ఇప్పుడే ఎవరో గంటసేపు చేసి వెళ్లి ఉండొచ్చు. "సరే అండీ, ఇంటికెళ్లి చేసుకుంటాను" అని చెప్పి కాసేపు మామూలుగా కూర్చోండి.

స్పృహలో లేనివాళ్లను, మాట రానివాళ్లను ఎలా అడగాలి? కళ్లు ఆర్పమనండి, చేయి నొక్కమనండి. అదీ కుదరకపోతే ఇంట్లోవాళ్లను అడగండి. స్పృహ లేదు కదా అని ఆ మనిషి ముందే "ఇక కష్టమేనట" లాంటి మాటలు మాట్లాడకండి. వినికిడి ఉండొచ్చు. పేరుపెట్టి పిలిచి, మీరెవరో చెప్పి, నెమ్మదిగా ప్రార్థించండి.

2. ఒక్క వాక్యంతో మొదలుపెట్టండి

మాటలు రావడం లేదని బాధపడేవాళ్లు బేతనియ అక్కచెల్లెళ్లను చూడండి. లాజరు జబ్బుపడ్డప్పుడు మార్త, మరియ యేసుకు పంపిన కబురంతా ఒక్క వాక్యం: ప్రభువా, నువ్వు ప్రేమించేవాడికి జబ్బుగా ఉంది (యోహాను 11:3). వెంటనే రమ్మని గానీ, ఫలానాది చేయమని గానీ అందులో లేదు. వాళ్ల భక్తి ఎంతో, విశ్వాసం ఎంతో చెప్పుకోలేదు. ఆ వాక్యాన్ని అలాగే తీసుకుని పేరు మార్చుకోండి:

"ప్రభువా, నువ్వు ప్రేమించే మా నాన్నకు ఒంట్లో బాగాలేదు."

ఇంకేమీ రాకపోతే ఇంతటితో ఆమేన్ అనండి. అది పూర్తి ప్రార్థనే. మాటలు విస్తరించినంత మాత్రాన వినబడదని యేసే చెప్పాడు (మత్తయి 6:7). ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు మాటల్లో పెట్టలేని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని పౌలు రాశాడు (రోమా 8:26).

ఆ ఒక్క వాక్యం కూడా రాకపోతే, కోపమే వస్తుంటే, 13వ కీర్తన బయటికి చదవండి. రెండు వచనాల్లోనే "ఎన్నాళ్లు, ఇంకెంతకాలం" అని మళ్లీ మళ్లీ అడుగుతాడు దావీదు. 88వ కీర్తన ఇంకా చీకటిది. మిగతా కీర్తనల్లా చివర్లో స్తుతిలోకి తిరగదు, చీకటి మాటతోనే ఆగిపోతుంది. అలాంటిది కూడా బైబిల్లో ఉందంటే అలాంటి రాత్రులు మనకూ ఉండొచ్చనే కదా. రోగి ముందు మాత్రం 88 చదవకండి. అది మీ గదిలో మీరు చదువుకునేది.

3. పెద్ద మనవితో పాటు ఈ రోజు మనవి కూడా అడగండి

"పూర్తి స్వస్థత దయచేయి" అని అడగడంలో తప్పు లేదు, అడగండి. కానీ అదొక్కటే అడిగితే రెండు వారాలకు ప్రార్థన ఎండిపోతుంది. రోజూ అదే మాట, రోజూ అదే మంచం. అందుకే దానికి తోడు ఈ రోజుకు కావలసింది ఒకటి కలపండి: ఈ పూట వాంతి కాకుండా మందు నిలవాలి, సూది గుచ్చే నర్సుకు నరం దొరకాలి, స్కాన్ గదిలో భయం తగ్గాలి, డాక్టర్ చెప్పేది మాకు అర్థం కావాలి, మధ్యాహ్నం గంటసేపు నిద్రపట్టాలి.

మాదిరికి ఒకటి. మీ మాటల్లోకి మార్చుకోండి:

"తండ్రీ, నా తమ్ముణ్ని పూర్తిగా బాగుచేయమని అడుగుతున్నాను. అది నీ చేతిలో ఉంది. ఈ రోజు మాత్రం పదకొండు గంటలకు డయాలసిస్ ఉంది. ఆ నాలుగు గంటలూ బీపీ పడిపోకుండా చూడు. వాడి విసుగును నేను ఓర్చుకునేలా చెయ్యి. అక్కడ పనిచేసేవాళ్ల చేతులకు తోడుగా ఉండు. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్."

హెచ్చరిక: ప్రార్థన మొదలుపెట్టాం కాబట్టి మందులు ఆపేయొచ్చని ఎవరు చెప్పినా వినకండి. ఇన్సులిన్, ఫిట్స్ మందులు, గుండె మందులు, మానసిక జబ్బుల మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు. జబ్బుతో చావుకు దగ్గరైన హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఆ వెంటనే ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు (2 రాజులు 20). తిమోతి కడుపు జబ్బుకు పౌలు చెప్పింది కొంచెం ద్రాక్షారసం తాగమని. పౌలుకు తోడున్న లూకా వైద్యుడు. "దేవుణ్ని నమ్మితే డాక్టరెందుకు" అనేవాళ్లకు ఈ మూడూ చూపించండి. వాదన పెట్టుకోకుండా చూపించి ఊరుకోండి.

4. మంచం పక్కన చేసేటప్పుడు

రెండు మూడు నిమిషాలు చాలు. నేనైతే ఐదు నిమిషాలు దాటనివ్వను. మొదలుపెట్టే ముందు "నీళ్లు కావాలా? బాత్రూమ్‌కి వెళ్లాలా? పక్కకు తిప్పాలా?" అని అడగండి. ఇది ప్రార్థనకు ముందు ముచ్చట కాదు, ప్రార్థనలో భాగమే అనుకోండి.

చేతులు కడుక్కుని వెళ్లండి. మీకు జలుబో దగ్గో ఉంటే వెళ్లకండి. కీమో నడుస్తున్నవాళ్లకు, అవయవ మార్పిడి అయినవాళ్లకు మీ చిన్న జలుబే పెద్ద ప్రమాదం. ఐసీయూలో ఇద్దరిని మించి వద్దన్నారంటే మూడోవాళ్లు బయట వరండాలో ప్రార్థించొచ్చు.

నిలబడకండి, కుర్చీ లాక్కుని కూర్చోండి. పడుకున్న మనిషికి పైనుంచి నలుగురు వంగి చూస్తుంటే ఎలా ఉంటుందో ఒకసారి మీరే పడుకుని చూడండి. తలమీద చేయి పెట్టే ముందు అడగండి. ఆపరేషన్ అయినచోట, సెలైన్ గుచ్చిన చేతిమీద చేయి వేయకండి. గొంతు మామూలుగా మాట్లాడుకునేంత ఉంటే చాలు. పక్క మంచంలోనూ ఒక రోగి ఉన్నాడు. కళ్లు తెరిచే ప్రార్థించండి. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

నూనె రాసి ప్రార్థించాలనుకుంటే: రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని యాకోబు 5:14లో ఉంది. పిలిచేది రోగి, వెళ్లేది పెద్దలు. పిలవకుండా నూనె సీసా పట్టుకుని వెళ్లడం ఆ వచనంలో లేదు. నుదుటి మీద చుక్కంత చాలు. కట్లమీద, పుండ్లమీద వద్దు. ఆక్సిజన్ పెట్టినవాళ్ల ముఖానికి మాత్రం నూనె అస్సలు రాయకండి, దగ్గర్లో కొవ్వొత్తి వెలిగించకండి. ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. నర్సును అడిగితే చెబుతారు.

కథోలిక కుటుంబమైతే రోగుల అభ్యంగనం (నూనె రాసి చేసే సంస్కారం) ఫాదర్ చేతుల మీదుగానే జరగాలి. అది ప్రాణం పోయే ఘడియలోనే అనుకుని చాలామంది ఆలస్యం చేస్తారు. అలా ఆగనక్కర్లేదు. పెద్ద ఆపరేషన్‌కు ముందూ, జబ్బు తీవ్రమైనప్పుడూ అడగొచ్చు. బాగుపడ్డాక మళ్లీ తీవ్రమైతే మళ్లీ తీసుకోవచ్చు.

5. చూసుకునేవాళ్ల కోసం విడిగా చేయండి

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. రోగి కోసం పది నిమిషాలు చేసి, చివర్లో "కుటుంబ సభ్యులందరినీ ఆదరించు తండ్రీ" అని ఒక్క ముక్కతో ముగిస్తాం. ఆ "అందరి"లో నిజంగా నిద్ర లేనిది ఒక్కరికే.

ప్రవక్త ఏలీయా కథ గుర్తుచేసుకోండి. బదరీ వృక్షం కింద పడుకుని ఇక చాలు, చచ్చిపోతాను అన్నాడు. దేవదూత వచ్చి వాక్యం చెప్పలేదు, మందలించలేదు. లేచి తిను అన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు (1 రాజులు 19). చూసుకునేవాళ్ల కోసం ప్రార్థన ఆ వరుసలో ఉండాలి: ముందు తిండి, నిద్ర, ఒళ్లు. మిగతావి ఆ తర్వాత.

మొదట వాళ్లను రోగికి వినపడని చోటికి తీసుకెళ్లండి. మెట్ల దగ్గరో, వంటింట్లోనో. "ఎలా ఉంది?" అని అడిగితే రోగి గురించే చెబుతారు. "నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడగండి. ఈ ప్రశ్నకు అబద్ధం చెప్పడం కష్టం.

తర్వాత వాళ్లు చెప్పినవే ప్రార్థనలో పెట్టండి. ఎక్కువగా ఉండేవి ఇవే: నిద్ర, నడుము నొప్పి, డబ్బు టెన్షన్, రాని అన్నదమ్ముల మీద కోపం, రోగి మీద అరిచేశానన్న బాధ. ఇంకొకటుంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. "ఇది ఎప్పటికి ముగుస్తుందో" అన్న ఆలోచన. ముగియడం అంటే ఏమిటో తెలుసు కాబట్టి అలా అనుకున్నందుకు తమను తామే క్షమించుకోలేరు. నాకూ వచ్చింది, మూడో ఏడాదిలో. ఎవరైనా మీతో ఆ మాట చెబితే కంగారుపడకండి, దిద్దకండి. అలిసిన ఒంట్లోంచి వచ్చే మాట అది, ప్రేమ లేక వచ్చేది కాదు. ఇలా ప్రార్థించొచ్చు:

"ప్రభువా, వసంత అలిసిపోయింది. రాత్రి మూడుసార్లు లేచింది. అమ్మ మీద విసుక్కున్నానని కుమిలిపోతోంది. ఆ భారం తన మీద నుంచి తీసెయ్యి. ఈ రాత్రి నాలుగు గంటలైనా ఏకధాటిగా నిద్రపట్టనివ్వు. తన నడుముకు బలమివ్వు. ఒంటరిగా మోస్తున్నానన్న బాధ తనకు లేకుండా మమ్మల్ని నిలబెట్టు. ఆమేన్."

ఆ చివరి వాక్యం అన్నాక మీరు ఊరికే ఇంటికి వెళ్లలేరు. అదే కావాలి కూడా. యుద్ధం జరుగుతుంటే పైకెత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ముందు ఒక రాయి తెచ్చి వేశారు, కూర్చోబెట్టారు, తర్వాత సూర్యుడు అస్తమించేదాకా చెరోవైపు చేతులు పట్టుకున్నారు (నిర్గమ 17:12). నేను పెట్టుకున్న లెక్క ఇది: చూసుకునేవాళ్ల కోసం ప్రార్థించిన ప్రతిసారీ ఒక పని కూడా చేయాలి. "ఏమైనా కావాలంటే చెప్పు" అనకండి, ఎవరూ చెప్పరు. "శనివారం మూడు నుంచి ఐదు దాకా నేను కూర్చుంటాను, నువ్వు వెళ్లి పడుకో" అనండి. రోజు, టైము చెప్పి మరీ అడగండి. మందులు తెచ్చిపెట్టడం, బట్టలు ఉతికించడం, ఫోన్లకు జవాబులివ్వడం, ఏదైనా సరే.

మీరే ఆ చూసుకునేవాళ్లయితే: గంట కూర్చుని ప్రార్థించే తీరిక మీకు లేదు, లేదని నొచ్చుకోకండి. చేసే పనికే ప్రార్థన కట్టుకోండి. చేతులు కడుక్కునేటప్పుడు "ప్రభువా, ఓపిక ఇవ్వు". మందు ఇచ్చేటప్పుడు "ఇది పనిచేయనివ్వు". పక్కకు తిప్పేటప్పుడు "మా ఇద్దరినీ పట్టుకో". ఒక్కోటి ఒక్క ఊపిరిలో అయిపోతుంది. ఆదివారం ఆరాధనకు వెళ్లలేకపోతున్నామని బాధపడేవాళ్లకు చెబుతున్నాను: యేసు సిలువ మీద ఉండి కూడా తల్లిని చూసుకోమని శిష్యుడికి అప్పగించాడు (యోహాను 19:26, 27). మీరు ఇంట్లో చేస్తున్నది అదే.

హెచ్చరిక: చచ్చిపోవాలనిపిస్తోందని, లేదా రోగికి ఏదైనా చేసేస్తానేమోనని భయంగా ఉందని ఎవరైనా అంటే అది ప్రార్థనతో మాత్రమే సరిపెట్టే సంగతి కాదు. ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలకండి. రోగి దగ్గర ఇంకొకర్ని ఉంచి, వీళ్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అది మీకే అనిపిస్తుంటే ఇప్పుడే పక్కనున్న ఒకరికి చెప్పండి.

6. దూరంగా ఉంటే

కపెర్నహూములో ఒక ప్రధాని (రాజు కొలువులో అధికారి) కొడుకు చావు బతుకుల్లో ఉన్నాడు. యేసు ఆ ఇంటికి వెళ్లలేదు, కానాలో ఉండే మాట చెప్పాడు (యోహాను 4). కాబట్టి వెళ్లలేకపోయామని నొచ్చుకోకుండా ఉన్నచోటు నుంచే చేయండి.

ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్‌లో ప్రార్థన పంపండి. చివర్లో "జవాబివ్వక్కర్లేదు" అని తప్పక చెప్పండి. రోజుకు నలభై మెసేజ్‌లకు "థాంక్యూ అండీ" కొట్టడం కూడా ఒక చాకిరీయే. వీడియో కాల్ వద్దు, ముందు అడిగితే తప్ప.

గ్రూపులో ప్రార్థన అవసరత పెట్టేముందు ఇంటివాళ్ల అనుమతి తీసుకోండి. ట్యూబులు పెట్టిన ఫోటోలు, రిపోర్టులు, హాస్పిటల్ గది నంబరు పెట్టకండి. "మన సహోదరి ఒకరికి రేపు ఆపరేషన్, ధైర్యం కోసం ప్రార్థించండి" అంటే సరిపోతుంది. పేరు చెప్పకపోయినా దేవుడికి తెలుస్తుంది. నెలల తరబడి సాగే జబ్బయితే ఏడుగురు కలిసి వారంలో ఒక్కో రోజు పంచుకోండి. అందరూ మొదటి వారమే చేసి రెండో నెలకు మరిచిపోవడం కన్నా ఇది మేలు.

7. ఎంత చేసినా మార్పు లేకపోతే

పౌలు తన శరీరంలోని ముల్లు గురించి మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు, దానికి సరిపడా కృప దొరికింది (2 కొరింథీ 12). ఎంతోమందిని బాగుచేసిన అదే పౌలు తన తోటి ప్రయాణికుడు త్రోఫిమును మిలేతు ఊళ్లో జబ్బుతోనే వదిలి వచ్చాడు (2 తిమోతి 4:20). అందులో త్రోఫిమును తప్పుపట్టే ఒక్క మాట కూడా లేదు. గెత్సేమనేలో యేసు అదే మాటను మూడుసార్లు చెప్పి ప్రార్థించాడు. కాబట్టి ఒకే ప్రార్థన మళ్లీ మళ్లీ చేయడం అవిశ్వాసం కాదు.

ఇక మందులు పనిచేయవని డాక్టర్ చెప్పాక ప్రార్థన ఆపనక్కర్లేదు, మాట మారుతుంది. నొప్పి లేకుండా ఉండాలని, భయం లేకుండా ఉండాలని, చెప్పాల్సినవాళ్లకు చెప్పాల్సిన మాట చెప్పగలగాలని అడగండి. రోగి స్వయంగా "నన్ను వెళ్లనివ్వమని ప్రార్థించండి" అంటే కొట్టిపారేయకండి. అప్పుడు మీరు "అలా అనకూడదు" అంటే ఆ మనిషి ఇక మీతో నిజం మాట్లాడటం మానేస్తాడు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"విశ్వాసం ఉంటే ఈపాటికి లేచేవాడు" అనడం. అన్నిటికన్నా క్రూరమైనది ఇదే, అదీ ప్రేమగా అంటారు. నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దింపిన పక్షవాత రోగి విషయంలో యేసు చూసింది "వాళ్ల విశ్వాసం" అని మార్కు 2:5 చెబుతుంది. మంచంలో ఉన్నవాడి దగ్గర లేనప్పుడు మోసేవాళ్లు పెట్టుకోవాలి. "నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి" అన్న తండ్రి కొడుకు కూడా బాగయ్యాడు.

ఏ పాపం చేశాడోనని వెతకడం. పుట్టుగుడ్డి గురించి శిష్యులు అదే అడిగితే, ఇతడూ కాదు ఇతని తల్లిదండ్రులూ కాదు అన్నాడు యేసు (యోహాను 9:3). యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు.

ప్రార్థన పేరుతో ప్రసంగం చేయడం. కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, మాటలన్నీ కోడలికి తగలాలని. "ఈ ఇంట్లో ఐక్యత లేదు తండ్రీ" అన్నది నేను చెవులారా విన్నాను.

"మూడు రోజుల్లో లేచి నడుస్తావు" అని మాట ఇవ్వడం. నాలుగో రోజు ఆ గదిలో మీరుండరు.

స్వస్థతకు ఇంత అని కానుక అడిగేవాళ్లను పిలవడం. ప్రవక్త ఎలీషా సేవకుడు గేహజీ, కుష్ఠం నయమైన నయమాను దగ్గర వెండి, బట్టలు తీసుకుని శిక్ష పొందిన కథ 2 రాజులు 5లో ఉంది. ప్రార్థనకు రేటు చెప్పేవాళ్లకు తలుపు తీయనక్కర్లేదు.

కొంచెం బాగవగానే సాక్ష్యం చెప్పమని నిలబెట్టడం. ఒళ్లు కుదుటపడనివ్వండి. వాళ్లంతట వాళ్లు చెబుతామన్నప్పుడు చాలు.

సరిగా జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి

రోగం తగ్గిందా లేదా అన్నది మీ ప్రార్థనకు పరీక్ష కాదు. చూడాల్సినవి చిన్నవి. మీరు ఆమేన్ అన్నాక ఆ మనిషి ఊపిరి నెమ్మదించిందా, భుజాలు వదులయ్యాయా? లేక "ఎప్పుడు వెళ్తారా" అని తలుపువైపు చూస్తున్నారా? వాళ్లు చెప్పిన విషయం మీ ప్రార్థనలో వచ్చిందా, మీకు తోచిందే వచ్చిందా? మళ్లీ రమ్మని వాళ్లంతట వాళ్లు అడిగారా? చూసుకునే మనిషి మీతో ఒక్క నిజం మాట అన్నదా, కనీసం ఏడ్చిందా?

నోట్‌బుక్ సంగతి ఇప్పుడు. ఆ కపెర్నహూము ప్రధాని ఇంటికి వెళ్తూ, పిల్లవాడికి ఏ గంటకు నెమ్మదించిందని దాసులను అడిగాడు. నిన్న ఒంటిగంటకు అన్నారు. యేసు మాట చెప్పిన గంట అదేనని అప్పుడు తెలుసుకున్నాడు. అతను టైము గుర్తుపెట్టుకున్నాడు కాబట్టి తెలిసింది. మనం అడిగినవి మనకే గుర్తుండవు. పది రోజులకోసారి వెనక్కి తిప్పి చదవండి. "12వ తేదీ, నిద్ర" అని ఉంటుంది. ఆ వారం నిద్రపట్టిందా అని అడగండి. పట్టిందంటే పక్కన టిక్ పెట్టి కృతజ్ఞత చెప్పండి. పదిమంది కుష్ఠరోగులు బాగైతే తిరిగొచ్చింది ఒక్కడే అని లూకా 17లో చదివి మిగతా తొమ్మిదిమందిని తిడతాం గానీ, మనది ఎక్కువగా ఆ తొమ్మిదిమంది లెక్కే. పట్టలేదంటే అదే మళ్లీ రాయండి, కొత్త తేదీతో.

రోగి వెళ్లిపోతే ఆ పేరు ఉన్న పేజీ మూసేస్తాం. చూసుకున్న మనిషి పేరు మాత్రం కొట్టేయకండి. మొదటి వారం ఇల్లంతా జనం ఉంటారు. ఆరో వారానికి ఫోన్ కూడా మోగదు. అమ్మ పోయాక రెండు నెలల దాకా నాకు రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, ఆవిడను పక్కకు తిప్పే టైము అది. మా సంఘంలో ఒక పెద్దావిడ ఒకరోజు ఫోన్ చేసి, ఇంకే పలకరింపూ లేకుండా, "రాత్రి లేస్తున్నావా ఇంకా?" అని అడిగింది. లేస్తున్నానన్నాను. "సరే, రెండింటికి నేనూ లేచి నీ పేరు ఎత్తుతాను" అంది. మీ నోట్‌బుక్‌లో ఆరో వారం దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి, ఆ ఫోన్ చేయడానికి.